బటర్‌ఫీల్డ్ బాటలో ప్రయాణం గురించి పెద్దమ్మ ఉత్తరం

చి.ల.సౌ. స్వప్నకు,

పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది. క్రిస్మస్ సెలవుల్లో డాలస్ నుంచి శాన్ డియేగో దాకా కారులో వెళ్తామనీ, దారిలో ఒకప్పుడు తపాలా మోసిన బటర్‌ఫీల్డ్ మెయిల్ గుర్రపు బండ్లు నడిచిన చోట్లు పిల్లలకు చూపించాలనీ అన్నావు. ఎంత సంతోషమేసిందో చెప్పలేను. ఫోన్లో చెబితే సగం చెవిన పడతాయి, సగం పడవు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

ముందు నువ్వు చేయాల్సింది ఒకటుంది. ఫ్రీవే మ్యాప్ పక్కన పెట్టి, ఆ దారిలో ఊటలు, వాగులు, నదులు ఎక్కడున్నాయో గుర్తు పెట్టుకో. ఆ రోజుల్లో నీళ్ళు ఎక్కడుంటే మజిలీ అక్కడ. టెక్సాస్ నుంచి కాలిఫోర్నియా దాకా బాట అలా వంకర్లు తిరగడానికి అదే పెద్ద కారణం. పిల్లలకు ఈ ఒక్కటి అర్థమైతే మిగతా కథంతా వాళ్ళే అల్లుకుంటారు.

అసలు సంగతి టూకీగా చెప్తాను. అప్పటిదాకా న్యూయార్క్‌లో వేసిన ఉత్తరం ఓడలో పనామా వెళ్ళి, అక్కడ నేల దాటి, మళ్ళీ ఓడెక్కి శాన్ ఫ్రాన్సిస్కో చేరేది. బంగారం కోసం కాలిఫోర్నియా వెళ్ళిపోయిన లక్షలమంది ఇంటి కబురు కోసం ఆ ఓడల వైపు చూస్తూ ఉండేవాళ్ళు. 1857 మార్చిలో అమెరికా కాంగ్రెస్ నేల మీదుగా తపాలా పంపడానికి చట్టం చేసింది. కాంట్రాక్టు జాన్ బటర్‌ఫీల్డ్‌కూ ఆయన భాగస్వాములకూ దక్కింది. ఏడాదికి 6 లక్షల డాలర్లు, ఆరేళ్ళ ఒప్పందం. వారానికి రెండుసార్లు అటునుంచీ ఇటునుంచీ బండి బయల్దేరాలి, 25 రోజుల్లో గమ్యం చేరాలి. సెయింట్ లూయిస్ నుంచి శాన్ ఫ్రాన్సిస్కో దాకా దూరం సుమారు 2,800 మైళ్ళు. అందులో సెయింట్ లూయిస్ నుంచి మిస్సోరీలోనే ఉన్న టిప్టన్ దాకా మొదటి 160 మైళ్ళు రైలు. ఆ తర్వాతంతా గుర్రాలూ కంచర గాడిదలే.

దేశం మధ్యగా పోయే దారి దగ్గరయ్యేది కదా, ఇంత దక్షిణానికి ఎందుకు దిగారని పెద్దవాడు అడుగుతాడు. పైకి చెప్పిన కారణం మంచు. దక్షిణాన చలికాలంలో కూడా దారి మూసుకుపోదన్నారు. అయితే అప్పటి పోస్ట్‌మాస్టర్ జనరల్ ఆరన్ బ్రౌన్ దక్షిణాదిలోని టెన్నెస్సీ మనిషి. దక్షిణాది రాష్ట్రాలకు మేలు చేయడానికే ఈ దారి ఎంచారని ఉత్తరాది పత్రికలు గోల చేశాయి. రెండిట్లోనూ నిజముందనే నా అభిప్రాయం.

నేను ఆర్.ఎం.ఎస్.లో, అదే రైల్వే మెయిల్ సర్వీసులో, పనిచేసిన మనిషిని కదా, నా మనసు మెయిల్ సంచుల దగ్గరే ఆగిపోతుంది. అర ఔన్సు ఉత్తరానికి 10 సెంట్లు. ప్రయాణికుడు మొత్తం దారికి 200 డాలర్లు కట్టినా, ఆ బండిలో మొదటి మర్యాద సంచిదే. ప్రభుత్వం డబ్బిస్తున్నది ఉత్తరాల కోసం. మనుషులు ఆ సంచుల మధ్య కాళ్ళు ముడుచుకుని కూర్చోవాలి. రాత్రీ పగలూ బండి ఆగదు. సుమారు 20 మైళ్ళకో మజిలీ, అక్కడ జంతువులను మార్చే కాసేపే విశ్రాంతి. స్టేషన్ దగ్గరపడుతుంటే బూర ఊదేవాళ్ళు, లోపలివాళ్ళు కొత్త జతలను సిద్ధం చేసుకోవాలని. ఇలా మూడు వారాలు దాటి కూర్చునే నిద్రపోవడం ఎలా ఉంటుందో పిల్లలను ఊహించమను.

సినిమాల్లో చూపించే నగిషీల ఎర్ర బండి మాత్రం మనసులోంచి తీసేయమను. న్యూ హాంప్‌షైర్‌లోని కాంకర్డ్‌లో చేసిన ఆ పెద్ద కోచ్‌లు బటర్‌ఫీల్డ్ బాటలో రెండు చివర్లలోనే ఎక్కువ తిరిగాయి. మీరు వెళ్ళే ఎడారి భాగంలో నడిచింది సెలెరిటీ వ్యాగన్. పైన కాన్వాస్ గుడ్డ కప్పిన తేలికపాటి బండి, రాత్రి సీట్లు వాల్చుకుంటే పడక. దోపిడీ దొంగల కథలు కూడా ఇక్కడ పెద్దగా అతకవు. బటర్‌ఫీల్డ్ తన బండ్లలో బంగారం, వెండి రవాణా చేయనివ్వలేదు. అక్కడ మనుషుల్ని ఎక్కువగా బాధపెట్టినవి ఎండ, దాహం, నిద్రలేమి, బెదిరిన జంతువులు. గుర్రం మీద రౌతులు ఉత్తరాలు మోసిన పోనీ ఎక్స్‌ప్రెస్‌తో కూడా దీన్ని కలపనివ్వకు. అది 1860 ఏప్రిల్‌లో మొదలై ఏడాదిన్నరకే ఆగిపోయిన వేరే ఏర్పాటు, దాని దారి బాగా ఉత్తరాన.

బయల్దేరే ముందు వాటర్‌మన్ ఆర్మ్స్‌బీ రాతలు సంపాదించు. న్యూయార్క్ హెరాల్డ్ విలేఖరి, 23 ఏళ్ళ కుర్రాడు. 1858 సెప్టెంబర్ 16న బయల్దేరిన మొదటి బండిలో చివరిదాకా వెళ్ళిన ప్రయాణికుడు అతనొక్కడే. అక్టోబర్ 10న శాన్ ఫ్రాన్సిస్కోలో దిగాడు, గడువుకు ఒక రోజు ముందే. దారి పొడుగునా పత్రికకు రాసి పంపాడు. నువ్వు ఆగిన ప్రతిచోటా అతను ఆ చోటు గురించి రాసిన ముక్క బయటికి చదువు. ఏ గైడూ అంత బాగా చెప్పలేడు.

ఇక దారి. డాలస్ నుంచి సరాసరి పడమరకు పోకుండా ఆబిలీన్ దగ్గర ఫోర్ట్ ఫాంటమ్ హిల్ చూడండి. సైన్యం 1854లో వదిలేసి వెళ్ళిన కోట అది. మిగిలిన రాతి కట్టడాలను బటర్‌ఫీల్డ్ మనుషులు స్టేషన్‌గా వాడుకున్నారు. ఆ తర్వాత ఫోర్ట్ చాడ్‌బోర్న్, అక్కడ పాత స్టేషన్ కట్టడాన్ని జాగ్రత్తగా నిలబెట్టారు. మ్యూజియం వేళలు ముందే కనుక్కో.

అక్కణ్ణుంచి పెకోస్ నది దాకా ఉన్న పొడి నేల ఈ ప్రయాణం మొత్తంలో నాకు గుండె బరువెక్కే భాగం. కాంచో వాగు మొదలు దాటాక 75 మైళ్ళకు పైగా నమ్మదగ్గ నీళ్ళు లేవు. ఆ దూరం పడి వచ్చిన పశువులు హార్స్‌హెడ్ క్రాసింగ్ దగ్గర ఉప్పు నీళ్ళు ఒక్కసారిగా తాగేసి పడిపోయేవట. ఒడ్డున పడి ఉన్న గుర్రపు పుర్రెలే ఆ రేవుకు పేరు తెచ్చాయంటారు. మీరు ఏసీ కారులో గంటన్నరలో దాటేస్తారు. ఆ గంటన్నరా పాటలు కట్టేసి, పిల్లలకు కిటికీ బయటి నేల చూపించు.

గ్వాడలూప్ మౌంటెన్స్ నేషనల్ పార్క్ మాత్రం అస్సలు వదలొద్దు. పైన్ స్ప్రింగ్స్ విజిటర్ సెంటర్ నుంచి ముప్పావు మైలు చిన్న దారి, దాని పక్కనే పైనరీ స్టేషన్ సున్నపురాతి గోడలు. 1858 సెప్టెంబర్ 28న తూర్పు నుంచి వచ్చే మొదటి బండీ, పడమర నుంచి వచ్చే మొదటి బండీ ఆ చుట్టుపక్కలే ఎదురుపడ్డాయి. ఏడాది తిరక్కుండానే దారిని దక్షిణంగా ఫోర్ట్ స్టాక్టన్ వైపు మార్చడంతో ఈ స్టేషన్ పాడుపడింది. గోడల మీద చెయ్యి వేయనివ్వకు, అసలే శిథిలాలు. డిసెంబర్‌లో ఆ కనుమలో గాలి మామూలుగా ఉండదు, చెవులకు టోపీలు ఉండాలి. పార్కులో పెట్రోలు దొరకదు, ముందు ఊళ్ళోనే ట్యాంకు నింపుకోండి. సిగ్నల్‌ని నమ్ముకోకుండా మ్యాప్ డౌన్‌లోడ్ చేసి పెట్టుకో.

ఎల్ పాసో ముందు హ్యూకో టాంక్స్ ఉంది. రాళ్ళ గుంతల్లో వాననీరు నిలుస్తుంది, అదే ఒకప్పటి మజిలీకి ఆధారం. బండ్ల కంటే ఎన్నో వందల ఏళ్ళ ముందునుంచీ మనుషులు ఆ నీళ్ళ కోసం వచ్చి, రాళ్ళ మీద బొమ్మలు వేశారు. లోపలికి కొద్దిమందినే వదులుతారు కాబట్టి రిజర్వేషన్ తప్పదు.

అరిజోనాలో అపాచీ పాస్‌కు ఒక పూట పూర్తిగా ఉంచు. ఫోర్ట్ బౌయీ దాకా ఒకటిన్నర మైలు నడక. దారిలో స్టేషన్ పునాదులు, శ్మశానం, ఆ తర్వాత ఊట కనిపిస్తాయి. ఇక్కడ పిల్లలకు కథ ఒక వైపు నుంచే చెప్పొద్దు. ఆ ఊట అక్కడి ఆదివాసులైన చిరికావా అపాచీలది. మొదటి రెండేళ్ళకు పైగా బండ్లు చాలావరకు ఇబ్బంది లేకుండానే వాళ్ళ నేల మీదుగా వెళ్ళాయి. 1861 జనవరి చివర్లో ఎవరో ఒక పిల్లవాణ్ణి ఎత్తుకుపోతే, అమెరికా సైన్యపు లెఫ్టినెంట్ బాస్కమ్ ఆ నేరం వాళ్ళ నాయకుడు కొచీస్ మీద వేశాడు. ఆ పని తనది కాదని, పిల్లవాణ్ణి వెతికించి ఇప్పిస్తానని కొచీస్ చెప్పినా వినకుండా పట్టుకోబోయాడు. కొచీస్ డేరా గుడ్డ కోసుకుని తప్పించుకున్నాడు. ఆ తర్వాత రెండువైపులా బందీలను చంపుకున్నారు. స్టేషన్ ఉద్యోగి వాలెస్ పోయాడు, కొచీస్ సోదరుణ్ణి ఉరితీశారు. పదేళ్ళకు పైగా యుద్ధం నడిచింది. ఒక్క అధికారి తొందరపాటుకు ఎన్ని కుటుంబాలు బలయ్యాయో తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

అలాగే తూర్పున చాక్టా, చికసా ఆదివాసీ జాతుల నేల మీద చాలా మజిలీలు నడిపింది ఆ జాతులవాళ్ళే. రెడ్ రివర్ మీద బండ్లను దాటించిన కోల్బర్ట్ చికసా మనిషి. గీలా నది ఒడ్డున పీమా, మారికోపా రైతులు పండించిన ధాన్యం లేకపోతే ఎడారి దాటే మనుషులకూ పశువులకూ తిండే ఉండేది కాదు. ఇంతమంది చెయ్యి వేస్తే నడిచిన తపాలా అది.

డ్రాగూన్ స్ప్రింగ్స్ సంగతి చిన్నవాడికి చెప్పాలా వద్దా అన్నది నీ ఇష్టం. మొదటి బండి రాకముందే, స్టేషన్ కడుతున్నవాళ్ళ మీద రాత్రిపూట తోటి కూలీలే గొడ్డళ్ళతో పడ్డారు. సైలస్ సెయింట్ జాన్ అనే అతను చెయ్యి తెగిపోయి కూడా, నీళ్ళు లేకుండా నాలుగు రోజులు ప్రాణం నిలుపుకున్నాడు. దెబ్బలు తిన్న మిగతావాళ్ళు బతకలేదు. మట్టి రోడ్డు, వాన పడితే వెళ్ళకండి.

యూమా దాటాక పాత బాట ఇసుక దిబ్బలు తప్పించుకోవడానికి మెక్సికోలోకి దిగి మళ్ళీ పైకి వచ్చేది. మీరు అమెరికా వైపునుంచే వెళ్ళి ఎస్-2 రోడ్డెక్కండి. వల్యెసీటో స్టేషన్ 1930ల్లో తిరిగి కట్టినది. వార్నర్ స్ప్రింగ్స్ పైన ఓక్ గ్రోవ్‌లో అయితే 1858 నాటి కట్టడమే నిలిచి ఉంది. పోల్చి చూడమను.

చాలా స్టేషన్ల జాగాలు ఇప్పుడు ప్రైవేటు భూములు. కంచె ఉంటే ఆగిపోండి, ఎంత దగ్గరున్నా సరే. పాత మేకు, సీసా పెంకు కనిపించినా జేబులో వేసుకోనివ్వకు. ప్రభుత్వ భూముల్లో అది చట్టవిరుద్ధం. 2023 జనవరిలో ఈ బాటను నేషనల్ హిస్టారిక్ ట్రెయిల్‌గా ప్రకటించారు కాబట్టి గుర్తు బోర్డులు ముందుముందు పెరుగుతాయి.

అంతర్యుద్ధం ముంచుకొచ్చి 1861 మార్చిలో ఈ దారి ఆపేసి, తపాలాను మధ్య దారికి మార్చారు. ఇక్కడ నడిచింది రెండున్నర ఏళ్ళే.

ట్యూసాన్‌లో హోటల్ వెతక్కండి, మా ఇల్లుంది. హ్యూకో టాంక్స్ బుకింగ్ దొరికిన తేదీని బట్టి ఇక్కడికి ఏ రోజు వస్తారో మెసేజ్ పెట్టు. అల్లుడికి, పిల్లలకు ఆశీస్సులు.

ఇట్లు
మీ పెద్దమ్మ