జెమినిన్ లేకపోతే ఏమవుతుందో మా మూడో అధ్యాయాన్ని అడగండి

"కణంలో జెమినిన్ అనే ప్రొటీన్ లేకపోతే ఏమవుతుంది?" అని అడిగారు కదా, నాకు జరిగిందే చెప్తాను.

ఎమ్మెస్సీ ప్రాజెక్టు రిపోర్టుని మద్దిలపాలెంలో ఓ చిన్న జిరాక్స్ కొట్లో ఇచ్చాను. ఆ కొట్టాయన ఒక్కో అధ్యాయం కట్ట మీద పసుపు చీటీ పెట్టేవారు. చీటీ ఉన్న కట్టే మెషీన్ మీదకి వెళ్తుంది, కాపీ మొదలవగానే చీటీ తీసేస్తారు. ఆ క్షణమే వాళ్లావిడ చీటీల డబ్బా లాక్కుని ఒళ్లో పెట్టుకునేవారు. "మా ఆయనకి మతిమరుపు బాబూ, ఊరుకుంటే మళ్లీ పెట్టేస్తారు." అసలూ నకలూ విడదీసి మన చేతికిచ్చేదాకా డబ్బా వదిలేవారు కాదు.

నా రిపోర్టు మెషీన్ మీదున్నప్పుడు ఆవిడ భోజనానికి లేచారు.

వైవాలో ఎగ్జామినర్ 46వ పేజీ తిప్పితే మళ్లీ 31 వచ్చింది. కళ్లద్దాలు తీసి, "ఈ అధ్యాయం దేని గురించోయ్?" అన్నారు.

"డీఎన్ఏ ఒక్కసారే ఎలా కాపీ అవుతుందో దాని గురించి సార్."

కణంలో ఆ కొట్టాయనే సీడీటీ1 అనే ప్రొటీన్, వాళ్లావిడే జెమినిన్, పసుపు చీటీలే ఎంసీఎం అనే ప్రొటీన్ ఉంగరాలు. జీ1 దశలో, అంటే కాపీకి ముందు, డీఎన్ఏ మీద ఆ ఉంగరాలు ఎక్కించే పనిలో సీడీటీ1 ముఖ్యం; ఉంగరాలున్న చోటే కాపీ మొదలవుతుంది. కాపీ జరిగే ఎస్ దశ మొదలయ్యాక జెమినిన్ వచ్చి సీడీటీ1ని కదలనివ్వదు. క్రోమోజోములు విడిపోయే వేళకి ఏపీసీ అనే ప్రొటీన్ల గుంపు జెమినిన్‌కి యుబిక్విటిన్ అనే చిన్న ప్రొటీన్‌ని గుర్తుగా తగిలించి ముక్కలు చేయిస్తుంది, డబ్బా మళ్లీ ఆయన చేతికొస్తుంది. జెమినిన్‌ని తగ్గించేస్తే కొన్ని రకాల మనిషి కణాలు కాపీ అయిన డీఎన్ఏనే మళ్లీ కాపీ చేసి దెబ్బతింటాయి. అన్ని కణాలూ కాదు. ఎస్ దశలో సీడీటీ1నే నాశనం చేసే ఏర్పాటు ఇంకోటుంది.

1998లోనే కప్ప గుడ్ల సారంలో దొరికిన ప్రొటీన్ ఇది. మన గైడు పుస్తకాలు మాత్రం కణ విభజనని నడిపించే సైక్లిన్ ప్రొటీన్ల దగ్గరే ఆగిపోయాయి. 2001లో సైక్లిన్లకి నోబెల్ వచ్చింది, నిజమే, అయితే మాత్రం ఇరవై ఏళ్లుగా అదే పది మార్కుల ప్రశ్నా? నన్నడిగితే కణ చక్రం పాఠాన్ని జెమినిన్‌తోనే మొదలెట్టాలి.

తర్వాత రిపోర్టు తీసుకెళ్లి చూపిస్తే ఆవిడ ఆయన్ని నా ముందే దులిపేసి, పదహారు పేజీల డబ్బులు లెక్కపెట్టి ఇచ్చారు. మళ్లీ బైండింగ్‌కి మాత్రం పూర్తి డబ్బులు తీసుకున్నారు.