మైకు సంగతి తరువాత, ముందు మీ గిటార్ ఏ స్వరం పలుకుతుందో వినండి

చేత్తో చేసిన గిటార్ ఒకటి కొత్తగా చేయించుకున్నానని, దాన్ని చూసినప్పటి నుంచి సొంతంగా ఒక ట్యూను కట్టాలనిపిస్తోందని, మాటలు లేని ఆ సంగీతాన్ని విశాఖలోని ఇంట్లోనే రికార్డు చేయడానికి ఏ మైకు, ఏ సాఫ్ట్‌వేర్ కొనాలో చెప్పమని అడిగారు. చెబుతాను. కానీ మైకు కంటే ముందు తేల్చుకోవలసింది ఒకటుంది. ఆ ట్యూను మీ గిటార్‌లో నుంచే రావాలి. కంప్యూటర్‌లో శబ్దాలు పేర్చి, అంతా అయ్యాక గిటార్ చేతికి తీసుకునేటట్లయితే చేతివాద్యం మీద అంత డబ్బు పోయడం దండగ.

ఇంత గట్టిగా ఎందుకంటున్నానంటే, నా గిటార్ తయారవుతున్నప్పుడు నేను పక్కనే కూర్చున్నాను. దాన్ని చేసిన పెద్దాయనది గాజువాక. ఓడల పనిలో వడ్రంగిగా చేసి రిటైరయ్యారు. ఇంటి వెనుక రేకుల షెడ్డులో, తనకు ఇష్టమైనప్పుడు, ఇష్టమైనవారికి మాత్రమే గిటార్లు చేస్తారు. నేను వెళ్లిన రోజు పై పలక వెనుక బద్దలు అతికించి ఉన్నాయి. పలకను పైఅంచు దగ్గర రెండు వేళ్లతో వేలాడదీసి పట్టుకుని, చెవి దగ్గర పెట్టుకుని, మధ్యవేలి కణుపుతో తట్టారు. అట్టపెట్టెను తట్టినట్టు మొద్దుగా మోగింది. పలకను బల్ల మీద బోర్లించి, అరచేతిలో ఇమిడే చిన్న చిత్రికతో ఒక బద్ద కొసను రెండు సార్లు గీశారు. ఉల్లిపొర లాంటి చెక్కపొట్టు చుట్టుకుని కింద పడింది. మళ్లీ తట్టారు. తేడా ఉన్నట్టే ఉంది, లేనట్టే ఉంది. ఆయన మాత్రం తల అడ్డంగా ఊపి ఇంకో బద్ద మీదికి వెళ్లారు. అలా గీయడం, తట్టడం, వినడం. చాలాసేపటికి ఆ పలక ఉన్నట్టుండి గుయ్యిమంది. ఆ మోత వెంటనే ఆగలేదు, కాసేపు గాలిలో నిలిచింది. ‘‘ఇక దీన్ని ముట్టుకోకూడదు బాబూ. ఇంకొక్క పొర తీస్తే గొంతు పోతుంది’’ అని చిత్రికను గూట్లో పెట్టేశారు.

ఆ ‘ఇక చాలు’ అన్న నిర్ణయం ఏ యంత్రమూ తీసుకోదు. ఫ్యాక్టరీలో పలకలన్నిటినీ ఒకే మందానికి దింపుతారు. ఏ రెండు చెక్కల బిగువూ ఒకటి కాదు కాబట్టి కొన్ని బాగా పలుకుతాయి, కొన్ని పలకవు. గిటార్‌కు పై పలకే ప్రాణమని నిరూపించడానికి స్పెయిన్‌కు చెందిన ఆంటోనియో డి టోరెస్ 1862లో వెనుక భాగాన్ని, పక్కలను కాగితపు గుజ్జు అట్టతో చేసి, పైన మాత్రం మంచి చెక్క పలక వేసి ఒక గిటార్ తయారుచేశాడు. అది ఇప్పటికీ బార్సిలోనా సంగీత మ్యూజియంలో ఉంది. మా పెద్దాయన నా గిటార్ వెనుక భాగానికి, పక్కలకు పనస కర్ర వాడారు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణలు చెక్కేదీ ఆ కర్రతోనే.

ఇంటికి తెచ్చుకున్నాక మెడ మీది ఒక్కో మెట్టూ (ఫ్రెట్) నొక్కి నెమ్మదిగా మీటుకుంటూ పోయాను. మంద్రంలో ఒక చోట గిటార్ మొత్తం కడుపులో నుంచి మూలిగింది. పొట్టకు ఆనించుకున్న పనస చెక్క అదురు ఒంటికి తెలిసింది. అది జి స్వరం, దాదాపు 98 హెర్ట్జ్, అంటే సెకనుకు అన్ని ఊపులు. గిటార్ బోలులోని గాలికి సొంతంగా ఊగే వేగం ఒకటుంటుంది. చాలా గిటార్లలో అది 100 హెర్ట్జ్‌కు అటూ ఇటూగా ఉంటుంది. ఆ స్వరం తగిలితే గాలి కూడా పాడుతుంది. దీన్ని లోపమనుకుని రికార్డింగులో కోసేసేవారున్నారు. నా దృష్టిలో అది పాపం. ట్యూనుకు ఇల్లు కట్టవలసింది ఆ స్వరం మీదే.

తీగలను డి, ఎ, డి, జి, ఎ, డి అని శ్రుతి చేశాను. 1960లలో బ్రిటన్ గిటారిస్టు డేవీ గ్రాహం వల్ల ప్రచారంలోకి వచ్చిన పద్ధతి ఇది. డి ని షడ్జం అనుకుంటే మన లెక్కలో స ప స మ ప స. ఆరూ మధ్యమావతి రాగంలో ఇమిడే స్వరాలే, వట్టి తీగలను మీటినా రాగం చెడదు. నా గిటార్ మెచ్చిన జి ఇక్కడ మధ్యమం అవుతుంది. అందుకే ట్యూనులోని ప్రతి పలుకునూ తిప్పి తిప్పి మంద్ర మధ్యమం మీద, అంటే ఆరో తీగ అయిదో మెట్టు మీద, దింపాను. అక్కడ చేయి ఆపేస్తే చాలు, మిగిలింది చెక్క చూసుకుంటుంది. రిషభ నిషాదాలకు మాత్రం తీగను పక్కకు లాగి గమకం, అంటే స్వరానికి ఊపు, ఇవ్వాలి, లేకపోతే మధ్యమావతి మెట్ల మీద నిలబడి పాఠం అప్పజెప్పినట్టుంటుంది.

ఇంత చేసి వినిపిస్తే బంధువులు అడిగే మొదటి ప్రశ్న: ‘‘ఏ సినిమాలోది?’’ రెండోది: ‘‘పాట ఎప్పుడు మొదలవుతుంది?’’ నాకు నిజంగా బాధ కలిగేది ఇక్కడే. విశాఖలో పెరిగి, విజయనగరం సంగీత కళాశాలలో పాఠాలు చెప్పిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ఒక్క వయొలిన్‌తో కచేరీ మొత్తం నడిపించారు. అలాంటి చోట వాద్య సంగీతం పెళ్లి భోజనాల దగ్గర వెనుక మోగే శబ్దంగా మిగలడం అన్యాయం. మీరు మాత్రం ఎవరు అడిగినా మాటలు కలపకండి.

ఇక రికార్డింగు. సన్నని శబ్దాన్ని కూడా పట్టే కండెన్సర్ మైకు మంచిది ఒక్కటి చాలు. దాన్ని గుండ్రటి రంధ్రానికి ఎదురుగా పెట్టవద్దు, అక్కడ బొంయ్‌మనే మోత తప్ప ఏమీ ఎక్కదు. పన్నెండో మెట్టుకు ఎదురుగా, జానెడున్నర దూరంలో పెట్టండి. గోడలకు బొంతలు వేలాడదీయండి. ఫ్యాను కట్టేయాల్సిందే, చెమట భరించాలి. మన ఊళ్లో పగలు నౌకాదళ విమానాలు, సాయంత్రం ఆటోల హారన్లు, కాబట్టి రాత్రి బాగా పొద్దుపోయాకే కూర్చోండి. సాఫ్ట్‌వేర్‌కు డబ్బు పెట్టనక్కరలేదు, ఉచితంగా దొరికే ఆడాసిటీ సరిపోతుంది. అందులో రికార్డింగు నాణ్యతను 24 బిట్, 48 కిలోహెర్ట్జ్‌గా పెట్టుకోండి. టిక్కుటిక్కుమనే తాళం చెవిలో పెట్టుకుని వాయించకండి. మంద్ర మధ్యమం మోత ఆరేదాకా ఆగే హక్కు మీకుంది, ఆ యంత్రం ఆగనివ్వదు.

మైకు మీద మిగిల్చిన డబ్బుతో తేమ కొలిచే చిన్న మీటరు, సిలికా జెల్ పొట్లాలు కొనండి. గిటార్‌కు గాలిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే మంచిది. మన సముద్రపు గాలిలో అంతకంటే చాలా ఎక్కువే ఉంటుంది. పై పలక తేమ పీల్చి ఉబ్బుతుంది, తీగలు మెట్ల నుంచి పైకి లేస్తాయి, ఉక్కు తీగలకు తుప్పు పడుతుంది. వాయించగానే పొడిబట్టతో తుడిచి పెట్టెలో పెట్టేయండి. మీ గిటార్ ఏ మెట్టు మీద మూలుగుతోందో కనిపెట్టి ఇక్కడ రాయండి, దానికి ఏ శ్రుతి, ఏ రాగం కుదురుతాయో నాకు తోచింది చెబుతాను.