నాగార్జునసాగర్‌లో సాయంత్రం బోటు, రాత్రి దీవిలో బస: ప్లాన్ ఇలా మార్చుకోండి

అన్నా, మీ ఆరుగురూ శుక్రవారం సాయంత్రం సూర్యాస్తమయం చూస్తూ లాంచీలో నాగార్జునకొండకు వెళ్లి, రాత్రంతా దీవిలోనే పాటలు, భోజనాలతో గడపాలని రాశారు. అది కుదరదు. దీవిలో రాత్రి బస లేదు, పైగా శుక్రవారం అక్కడి మ్యూజియానికి సెలవు.

శనివారం పొద్దున్నే వెళ్లండి. నీటిమట్టం, గాలి, జనం సంఖ్యను బట్టి లాంచీ వేళలు మారతాయి కాబట్టి ముందురోజే ఫోన్ చేసి కనుక్కోండి. ప్రయాణం దాదాపు గంట. దీవిలో హడావుడి పడొద్దు. డ్యామ్ నీళ్లలో ఒకప్పటి ఇక్ష్వాకు రాజుల రాజధాని విజయపురి మునిగిపోతుందని 1954 నుంచి 1960 దాకా తవ్వి, దొరికిన శిల్పాలను, కొన్ని కట్టడాలను పైకి తెచ్చి నిలబెట్టారు. మీరు అడుగుపెట్టేది నిజానికి ఒక కొండ నెత్తిన! కింద లోయలో ఒక నగరం ఉందని తలుచుకుంటూ నడిస్తే ఆ చోటు వేరుగా కనిపిస్తుంది.

సాయంత్రానికి ఒడ్డుకు వచ్చేయండి. టూరిజం వాళ్ల హోటల్ విజయ్ విహార్ జలాశయం పక్కనే ఉంటుంది. నీళ్ల మీద ఎరుపు పరుచుకోవడం అక్కడ కూర్చునే చూడొచ్చు. రాత్రి కబుర్లు, భోజనం కూడా అక్కడే.

ఒక్కటి మాత్రం బతిమాలి చెబుతున్నా: డబ్బులిస్తే చీకట్లో చేపల పడవలో తిప్పుతామని ఎవరైనా అంటే ఎక్కకండి. పగలైనా లైఫ్ జాకెట్ తీయొద్దు.