షేప్‌ఫైల్ లైబ్రరీ రాయాలా, లీట్‌కోడ్ చెయ్యాలా?

అనంతపురం నుంచి వచ్చి బెంగళూరు మారతహళ్లిలో పీజీలో ఉంటూ ఇంజనీరింగ్ థర్డ్ ఇయర్ చదువుతున్న ఒక తమ్ముడు అడిగాడు: "మేడమ్, మ్యాప్ ఫైళ్లు చదివే లైబ్రరీ పైథాన్‌లో సొంతంగా రాస్తున్నా, ఏడెనిమిది ఫార్మాట్లు పెడదామనుకుంటున్నా. ఇవన్నీ చదివే జీడాల్ అనే పెద్ద లైబ్రరీ ఉండగా ఇదెందుకని సీనియర్లు అంటున్నారు, నాన్నేమో అదంతా ఆపి ఇంటర్వ్యూల కోసం లీట్‌కోడ్ సైట్‌లో కోడింగ్ ప్రాబ్లమ్స్ చేసుకోమంటున్నారు. ఏం చెయ్యమంటారు?"

తమ్ముడూ, ఆపొద్దు. కాకపోతే ఏడెనిమిది వద్దు, మ్యాప్‌లోని ఆకారాలు దాచే షేప్‌ఫైల్ ఫార్మాట్ ఒక్కటే పట్టుకో. జీడాల్ 1998 నుంచి పెరుగుతూ వచ్చింది, దాంతో నీకు పోటీ ఎందుకు, ప్యూర్ పైథాన్‌లో కూడా షేప్‌ఫైళ్లు చదవడానికి పైఎస్‌హెచ్‌పీ అని ఒకటుంది, దాని రిజల్టూ నీ రిజల్టూ పక్కపక్కన పెట్టి టెస్టులు రాసుకో.

ఇంటర్వ్యూలో ఎన్ని ఫార్మాట్లు చదువుతుందని ఎవరూ లెక్కపెట్టరు, ఎందుకిలా చేశావని అడుగుతారు. నా దగ్గర మాక్ ఇంటర్వ్యూకి కూర్చున్న ఒకమ్మాయి ప్రాజెక్ట్ చాలా బాగుంది, కానీ ఫైలంతా ఒకేసారి మెమరీలోకి ఎందుకు లాగావమ్మా అంటే ఆగిపోయింది, పాపం కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నువ్వు ఆ ప్రశ్న ఇప్పుడే వేసుకో. షేప్‌ఫైల్ 2 జీబీ దాకా ఉండొచ్చు, 8 జీబీ ల్యాప్‌టాప్‌లో అదంతా పైథాన్ ఆబ్జెక్టులుగా మారితే మెషిన్ లేవదు, అందుకని రికార్డు తర్వాత రికార్డు ఇచ్చే జనరేటర్ పెట్టు. పైగా ప్రతి పాలిగాన్ (హద్దు గీత) రికార్డులో ముందే దాని బౌండింగ్ బాక్స్, అంటే ఆ ఆకారం చుట్టూ పట్టే చతురస్రం కొలతలు ఉంటాయి, అనంతపురం ఒక్కటే కావాలన్నవాడికి మిగతావాటి పాయింట్లు చదవకుండానే దాటేయొచ్చు.

షేప్‌ఫైల్ మొదట్లో ఉండే హెడర్ 100 బైట్లు. మొదటి నాలుగు బైట్లలో 9994 బిగ్ ఎండియన్‌లో (పెద్ద విలువ బైట్ ముందు), 28వ బైట్ దగ్గర వెర్షన్ 1000 లిటిల్ ఎండియన్‌లో (చిన్న విలువ బైట్ ముందు), ఫైల్ సైజేమో బైట్లలో కాదు 16 బిట్ల వర్డ్స్‌లో, రెండుతో గుణించాలి. ఇది చేత్తో చదివినవాడికి బైనరీ ఫైల్ అంటే ఇక భయం ఉండదు.

షేప్‌ఫైల్‌తో పాటు వచ్చే డీబీఎఫ్ పట్టికలో ఊళ్ల పేర్లు తెలుగులో ఉండి, ఎన్‌కోడింగ్ ఏదో చెప్పే సీపీజీ ఫైల్ పక్కన లేకపోతే పేర్లన్నీ పిచ్చి గీతలవుతాయి. అప్పుడు ఎన్‌కోడింగ్ గెస్ చేసి నోరుమూసుకోవడం కంటే, ఫలానా రికార్డు దగ్గర చదవలేకపోయా, ఎన్‌కోడింగ్ చెప్పు అని ఎర్రర్ ఇవ్వడమే మేలని నా గట్టి అభిప్రాయం, తప్పు డేటా గమ్మున లోపలికెళ్లిపోతే తర్వాత ఎవరూ పట్టుకోలేరు. అక్షాంశం రేఖాంశం సంగతీ అంతే, బెంగళూరు రేఖాంశం 77.59, అక్షాంశం 12.97, ఎవరైనా తిరగేసి ఇస్తే ఉత్తర ధ్రువం వైపున్న స్వాల్‌బార్డ్ దీవుల పక్కన సముద్రంలో తేలతావు. జియోజేసన్ అనే ఇంకో మ్యాప్ ఫార్మాట్ స్టాండర్డ్ 2016లో రేఖాంశమే ముందని చెప్పింది, నువ్వూ అదే వరస పెట్టి డాక్యుమెంటేషన్ మొదటి పేజీలోనే రాయి.

నాన్నగారి మాట కూడా తీసెయ్యకు, క్యాంపస్ మొదటి రౌండు దాటాలంటే లీట్‌కోడ్ కావాలి. పొద్దున గంటన్నర దానికి, రాత్రి లైబ్రరీకి అని ఆయనకే ఫోన్ చేసి చెప్పు. బెంగళూరులో డెలివరీ, మ్యాపింగ్, వ్యవసాయం వైపు ఈ పని తెలిసినవాళ్లు కావాలి, ఇస్రో రిమోట్ సెన్సింగ్ సంస్థ ఎన్‌ఆర్‌ఎస్‌సీ హైదరాబాద్‌లో ఉన్నా దాని దక్షిణ కేంద్రం నువ్వున్న బెంగళూరులోనే ఉంది. అప్లై చేసేముందు నీ ప్రాజెక్ట్ గురించి చెప్పే రీడ్‌మీ ఫైల్ నాకు పంపు, ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నావో అందులో రాసి.