ఏటికి ఎదురెళ్లే ఆట

ప్రశ్న: మా పాప తొమ్మిదో తరగతి. పారిస్ ఒలింపిక్స్‌లో జెస్సికా ఫాక్స్ పడవ నడిపిన వీడియో చూసినప్పటి నుంచీ అదే ధ్యాస. ఆమె అంత ఛాంపియన్ ఎలా అయింది సార్? ఆ గేట్ల గొడవేంటి?
– ఒక తల్లి, కోవూరు

జవాబు: ఆట వాళ్ల ఇంట్లోనే ఉందమ్మా. నాన్న కయాక్‌లో (రెండు చివరలా రెక్కలున్న తెడ్డుతో నడిపే చిన్న పడవ) 5 సార్లు ప్రపంచ ఛాంపియన్, అమ్మ 1996 అట్లాంటాలో కాంస్యం గెలిచింది. అయినా స్వర్ణం ఊరికే రాలేదు, 2012లో రజతం, 2016లో కాంస్యం, టోక్యో కయాక్ ఫైనల్లో గేట్లు తాకి 4 సెకన్లు పెనాల్టీ పడి మళ్లీ కాంస్యమే. నేనైతే తెడ్డు విసిరేసేవాణ్ణి! ఆమె రెండు రోజులకే కెనూలో (మోకాళ్లపై కూర్చుని, ఒక చివరే రెక్క ఉన్న తెడ్డుతో నడిపే పడవ) స్వర్ణం కొట్టింది. పారిస్‌లో కయాక్, కెనూ స్వర్ణాలు రెండూ ఆమెవే, కయాక్ క్రాస్ (పడవలన్నీ ఒకేసారి పోటీపడే పందెం) స్వర్ణం చెల్లెలిది.

గేటంటే నీళ్లపైన వేలాడే కడ్డీలు. పచ్చవి ప్రవాహంతో పాటు, ఎర్రవి ఏటికి ఎదురెళ్లి దాటాలి. తాకితే పట్టిన సమయానికి 2 సెకన్లు కలుస్తాయి, వదిలేస్తే 50.

మన పెన్నలో ఎండాకాలం ఇసుకే కదా, సోమశిల డ్యామ్ గేట్లెత్తినప్పుడు మాత్రం పాపను ఏటి దగ్గరికి పంపకండి. ముందు ఈత బాగా నేర్పించండి.