పళ్ల డాక్టర్ అంటే విపరీతమైన భయం. మత్తిచ్చి రూట్ కెనాల్ చేస్తారా?

చేస్తారు. కుర్చీ చూస్తేనే చెమటలు పడుతున్నాయని రాశారు, నాకూ అంతే ఉండేది. పదేళ్ల వయసులో చీము పట్టిన దవడ పన్నును సరిగా మొద్దుబారకముందే పీకారు. చీమున్న చోట మొద్దుబార్చే మందు అంతగా పట్టదని పెద్దయ్యాక తెలిసింది. ఆ తర్వాత ఇరవై ఏళ్లు లవంగం నొక్కిపెట్టుకుని గడిపానే తప్ప, ఏ క్లినిక్ గడపా తొక్కలేదు.

మనం 'మత్తు' అనే ఒక్క మాటను రెండు వేర్వేరు వాటికి వాడతాం. చిగుళ్లలో వేసే ఇంజెక్షన్ ఆ చోటును మొద్దుబారుస్తుంది, నొప్పి తెలియనివ్వదు. భయాన్ని తగ్గించేది సెడేషన్, అది వేరు. సెడేషన్ తీసుకున్నా చిగుళ్లలో ఇంజెక్షన్ మామూలుగా వేస్తారు. అయితే అప్పటికి మనసు కుదుటపడి ఉంటుంది కాబట్టి సూది పెద్దగా బాధించదు.

నా రూట్ కెనాల్ హైదరాబాద్‌లో లాఫింగ్ గ్యాస్‌తో జరిగింది. నైట్రస్ ఆక్సైడ్‌ను ఆక్సిజన్‌తో కలిపి ముక్కు మీద చిన్న మాస్క్ పెట్టి ఇస్తారు. నాలుగైదు నిమిషాల్లో అరచేతులు వెచ్చబడ్డాయి, భుజాలు వదులయ్యాయి. డ్రిల్ చప్పుడు వినిపిస్తూనే ఉంది, కానీ పక్కింట్లో ఎవరో గోడకు మేకు కొడుతున్నట్టు అనిపించింది. డాక్టర్ అడిగినదానికి తలూపుతూనే ఉన్నాను. చివర్లో ఐదు నిమిషాలు ఒట్టి ఆక్సిజన్ ఇచ్చారు, తల తేటపడింది. 1844లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో హొరేస్ వెల్స్ అనే పళ్ల డాక్టర్ ఇదే గ్యాస్ పీల్చి తన పన్నే పీకించుకున్నాడట. మా డాక్టర్ ఆ సంగతి చెప్పాక నాకు కాస్త ధైర్యం వచ్చింది.

ఈ గ్యాస్ అందరికీ పడదు. ముక్కు దిబ్బడ ఉంటే పీల్చలేరు. గర్భం మొదటి నెలల్లో ఇవ్వరు. శరీరంలోని బి12 విటమిన్‌ను ఇది పనిచేయకుండా చేస్తుంది. శాకాహారుల్లో బి12 తక్కువగా ఉండటం మన దగ్గర మామూలే కాబట్టి, కాళ్లూ చేతులూ తిమ్మిర్లు వస్తుంటే ముందే చెప్పండి.

ఎముకలో ఇరుక్కున్న జ్ఞానదంతాలు తీయించుకున్నప్పుడు మాత్రం నరానికి మిడజోలం అనే సెడేషన్ మందు ఎక్కించారు. ఆరు గంటల ముందు నుంచి ఏమీ తినలేదు. మత్తు డాక్టర్ ప్రత్యేకంగా వచ్చి, వేలికి ఆక్సీమీటర్ పెట్టి, పని అయ్యేవరకు నా ఊపిరినే చూస్తూ కూర్చున్నారు. నోరు తెరవమంటే తెరిచానట, నాకు ఒక్క ముక్కా గుర్తులేదు. ఇంటికి తమ్ముడు తీసుకెళ్లాడు, మర్నాటి వరకు బండి ముట్టుకోవద్దన్నారు.

గంట ముందు వేసుకునే మాత్రలూ ఉన్నాయి. అవి ఒకరికి చాలవు, ఇంకొకరికి ఎక్కువవుతాయి. దయచేసి ఇంట్లో ఎవరో వాడే నిద్రమాత్ర మింగి వెళ్లకండి. నిద్రలో గట్టిగా గురక పెట్టేవాళ్లకు, మద్యం తాగినవాళ్లకు దాంతో ఊపిరి మందగించే ప్రమాదం ఉంది. పూర్తిగా స్పృహ తప్పించి చేసేది ఆసుపత్రి థియేటర్‌లోనే, ఎక్కువగా చిన్నపిల్లలకు. మీ ఒక్క పంటికి అంత అక్కర్లేదని నా అభిప్రాయం, గ్యాస్ సరిపోతుంది.

ఇంకొకటి, చిగుళ్ల ఇంజెక్షన్ పడగానే గుండె దడదడలాడితే కంగారుపడకండి. చాలాసార్లు అది ఆ మందులో కలిపే అడ్రినలిన్ వల్ల, కాసేపటికి తగ్గిపోతుంది. అయినా డాక్టర్‌కు చెప్పండి. సూది అంటేనే భయమైతే ముందు చిగురుకు మొద్దుబార్చే జెల్ రాయమని అడగండి. చెయ్యెత్తితే ఆపాలని ముందే మాట్లాడుకోండి. ఈ గ్యాస్ అన్ని క్లినిక్‌లలో ఉండదు, అపాయింట్‌మెంట్‌కు ఫోన్ చేసినప్పుడే ఉందో లేదో కనుక్కోండి.