లొఖ్ ఒడ్డున కథ రాస్తున్న చెల్లెమ్మకు

చెల్లెమ్మా,

నీ స్కాట్లాండ్ కథ చదివాను. అన్నాచెల్లెళ్ల మాటల్లో దిగులు చాలా బాగా పలికింది. అక్కడ ఒక్క అక్షరం కూడా మార్చకు. నా బెంగంతా వాళ్లు కూర్చున్న ఒడ్డు గురించే. 'లోచ్ లాంగ్ అనే పొడవాటి సరస్సు' అన్నావు. ఆ పిల్ల వంగి దోసిలి పట్టి గటగటా నీళ్లు తాగేసింది. ఎలా తాగుతుందమ్మా? అవి ఉప్పునీళ్లు!

స్కాట్లాండ్‌లో మంచినీటి సరస్సునూ లొఖ్ అంటారు, కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయనూ లొఖ్ అనే అంటారు. లొఖ్ నెస్, లొఖ్ లోమండ్ మంచినీళ్లవి. లొఖ్ లాంగ్, లొఖ్ ఫైన్ సముద్రానివి. వాటికి ఆటుపోట్లు ఉంటాయి. నీరు తీసినప్పుడు రాళ్లమీద సముద్రపు నాచు తేలుతుంది. ఆ నాచు వాసన నీ కథలో ఉండాలి. అందుకే 'సరస్సు' అని తెలుగు చేయకు, లొఖ్ అనే ఉంచు. ఏ నీళ్లో ఒక్క వాక్యంలో చూపిస్తే పాఠకుడికి అందుతుంది.

ఈ మాట స్కాట్లాండ్‌లోని గేలిక్ భాషలోంచి అక్కడి మరో భాష స్కాట్స్‌లోకి వచ్చింది. లాటిన్ 'లాకుస్' దీనికి దూరపు చుట్టం. బుల్లి లొఖ్‌ని లొఖన్ అంటారు. చివర పలికేది చ కాదు, క కూడా కాదు. పాతబస్తీలో ఉర్దూ మాట్లాడేవాళ్లు 'ఖబర్' అన్నప్పుడు గొంతులోంచి రాసుకుంటూ వచ్చే ఖ.

ఇక 'లాంగ్'. చూడటానికి ఇంగ్లీషు మాటలా ఉంది కాబట్టి 'పొడవాటి' అనుకున్నావు. గేలిక్‌లో దానికి ఓడ అని అర్థం. 1263లో నార్వే రాజు హాకోన్ నౌకాదళంలోని కొన్ని ఓడలు ఈ పాయ వెంట పైదాకా వచ్చాయి. అక్కణ్ణుంచి వాటిని నేలమీద ఈడ్చుకెళ్లి, లొఖ్ లోమండ్‌లోకి దించి, ఒడ్డునున్న ఊళ్లను దోచుకున్నారు. ఆ దారి కొసన, లొఖ్ లోమండ్ ఒడ్డున ఉన్న టార్బెట్ అనే ఊరి పేరుకే 'పడవల్ని మోసుకుంటూ దాటే ఇరుకు నేల' అని అర్థం. ఆ నేల మూడు కిలోమీటర్లు కూడా ఉండదు. పరాయి దేశపు కథ రాసేటప్పుడు ఊరి పేర్లను ఇలా విప్పి చూడు. నువ్వు కల్పించలేని సంగతులు వాటిలో దొరుకుతాయి.

నీ పిల్లకి దాహం తీరాలంటే, లొఖ్ లాంగ్ కొసన ఉన్న ఆరొఖర్ నుంచి టార్బెట్ దాకా అన్నతో కలిసి నడవనీ. ఆ దారిలో వాళ్లేం మాట్లాడుకున్నారో రాసి పంపు.

నీ అన్నయ్య